కత్తెర పురుగు బుట్టలు కొనొచ్చా? లావేరు మెట్ట నుంచి నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నాను. మొక్కజొన్నలో కత్తెర పురుగుకి కట్టే లింగాకర్షక బుట్టలు కొనొచ్చు. ఐదుకి మూడున్నర ఇస్తాను. తగ్గించిన ఒకటిన్నరలో బుట్ట తప్పు తక్కువే, ఎక్కువ భాగం అందులో పెట్టే ఆడ పురుగు వాసన ఎర, అంటే లూర్‌ది, దాన్ని అమ్మే తీరుది.

కానీ దేనికి కొంటున్నారో తెలిసి కొనండి. "బుట్టలు కట్టినా పురుగు ఆగలేదు, డబ్బులు దండగ" అని మా మండలంలో చాలామంది అంటారు. ఆ మాట నిజమే, బుట్ట కట్టినంత మాత్రాన పురుగు ఆగదు. ఆ వాసనకి వచ్చేవి మగ రెక్కల పురుగులు మాత్రమే. గుడ్లు పెట్టేది ఆడది, ఆకు తినేది దాని పిల్ల. ఆ రెండూ బుట్ట వైపు తిరిగి కూడా చూడవు. మరి డబ్బులెందుకు పెట్టాలంటే, పురుగు చేలోకి ఏ వారం దిగిందో ముందుగా చెప్పేది నాకు తెలిసి ఇదొక్కటే. ఇదివరకు ఆ వారం ఏదో పెద్దవాళ్లు నెలలు చూసి చెప్పేసేవారు. ఇప్పుడు చలికాలం చలికాలంలా లేదు, వాళ్ల లెక్కా అందడం లేదు. నాకు వీటి మీద గురి కుదిరింది అందుకే.

మాది శ్రీకాకుళం జిల్లా లావేరులో రెండెకరాల మెట్ట, బోరు కింద సాగు. కొంచెం పల్లం ఉంది, అందులో వరి. మెట్టలో ఒకప్పుడు గోగు, వేరుశనగ వేసేవారట. నేను కాపురానికి వచ్చేసరికే మొక్కజొన్న అయిపోయింది. మా ఆయనకి పైడిభీమవరంలో మందుల కంపెనీలో షిఫ్టు డ్యూటీ. నైట్ షిఫ్టు చేసొచ్చిన మనిషిని చేలోకి పంపలేం కదా, అందుకని చేను చూసేది నేనూ మా అత్తమ్మా.

వస్తువు చాలా సాదా. పైన ప్లాస్టిక్ మూత, దాని కింద గరాటు, గరాటుకి తగిలించిన పొడుగాటి పాలిథిన్ సంచి. మూత లోపల చిన్న గూడు ఉంటుంది, లూర్ అందులో పెట్టాలి. లూర్ అంటే గోరంత రబ్బరు ముక్క. ఆడ రెక్కల పురుగు మగదాన్ని పిలవడానికి వదిలే వాసనని ఫ్యాక్టరీలో తయారుచేసి ఆ రబ్బరుకి పట్టిస్తారు. మనకి ఏ వాసనా తెలీదు. రాత్రి మగవి వెతుక్కుంటూ వచ్చి గరాటులోంచి సంచిలోకి జారిపోతాయి, మళ్లీ పైకి రాలేవు. సంచి అడుగున రబ్బరు బ్యాండు విప్పి దులుపుకోవడమే. నాకు బుట్ట వంద లోపు, లూర్ విడిగా నలభై యాభై మధ్య పడింది. మూత కొంచెం మందంగా ఉన్నది తీసుకోండి. పల్చటివి ఒక వేసవి ఎండకే పెళుసుబారిపోతాయి.

అసలు గొడవ కొట్లో మొదలవుతుంది. రణస్థలంలో ఒక ఎరువుల కొట్టుకి వెళ్లి కత్తెర పురుగు బుట్టలు కావాలంటే, కౌంటర్లో కుర్రాడు డబ్బాలో చెయ్యి పెట్టి దొరికిన లూర్లు లెక్కపెట్టి ఇచ్చేశాడు. కవరు తిప్పి చూస్తే అవి పొగాకు లద్దె పురుగువి. మార్చమన్నాను. "అన్నీ లద్దె పురుగులే కదమ్మా, ఏదెట్టినా పడతాది" అన్నాడు. పడదు. పొగాకు లద్దె పురుగు స్పోడోప్టెరా లిట్యురా, కత్తెర పురుగు స్పోడోప్టెరా ఫ్రుజిపెర్డా. దగ్గర చుట్టాలే గానీ దేని వాసన దానిదే. శనగపచ్చ పురుగుకి ఇంకో లూర్, వంగలో కాయతొలుచు పురుగుకి మరొకటి. కవరు మీద ఫ్రుజిపెర్డా అనో, ఫాల్ ఆర్మీవార్మ్ అనో, పొట్టిగా ఎఫ్‌ఏడబ్ల్యూ అనో లేకపోతే తీసుకోకండి. ఇంగ్లీషులోనే ఉంటుంది, ఇంట్లో పిల్లల చేత చదివించుకోండి. "నెల్లాళ్లు కట్టాను, ఒక్కటీ పడలేదు" అనేవాళ్లలో కొందరికి జరిగింది ఇదేనని నా అనుమానం.

రెండోది, ఆ డబ్బా ఎక్కడ పెట్టాడో చూడండి. మధ్యాహ్నం ఎండ నేరుగా పడే రోడ్డు వైపు అరలో. లూర్ పనిచేసేదే ఆవిరై. కొట్లోనే సగం ఎగిరిపోతే చేలో ఏం మిగులుతుంది? చల్లటి చోట పెట్టాలని కవరు మీదే రాసుంది. ఆ పక్కనే ఫ్రిజ్ కూడా ఉంది, నిండా కూల్‌డ్రింకులు. చెప్తే నవ్వాడు. తరువాత చిలకపాలెం వైపు ఇంకో కొట్లో దొరికాయి. ఆయన ఫ్రిజ్‌లోంచి తీసి, తయారీ తేదీ వేలు పెట్టి చూపించి మరీ ఇచ్చాడు. ఐదు రూపాయలు ఎక్కువ తీసుకున్నాడు. తీసుకోనీ.

ఇంటికి తెచ్చాక మిగిలిన లూర్లు మన ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. మా అత్తమ్మ ససేమిరా అంది. "పురుగుల మందు అట్టుకొచ్చి పెరుగు పక్కనెడతావేటి" అని ఒకటే గోల. మందు కాదు అత్తమ్మా, ఆడ పురుగు వాసన అని చెప్పాను. "ఓలమ్మ, అది మరీ దరిద్రం" అంది. చివరికి మూత బిగిసే స్టీలు డబ్బా ఒకటి దీనికే కేటాయించి, ఫ్రిజ్ తలుపు అరలో పెట్టాక గానీ ఇల్లు చల్లబడలేదు.

కట్టడం తేలిక. పురుగు రాకని కనిపెట్టడానికైతే ఎకరాకి ఐదు చాలని భారత మొక్కజొన్న పరిశోధన సంస్థ సలహా. మగవాటిని మూకుమ్మడిగా పట్టేసి సంతతి తగ్గించాలంటే ఎకరాకి పదిహేను కావాలి. అంత ఖర్చు పెట్టేవాళ్లు మా చుట్టుపక్కల లేరు. సరుగుడు కర్రలకి మా వైపు కరువు లేదు. మొలక కనబడగానే పాతేయాలి. మోకాలెత్తు పైరయ్యాక కడితే బుట్ట చెప్పే కబురు అప్పటికే పాతబడి ఉంటుంది. పైరు ఎదిగేకొద్దీ బుట్టని పైకి జరుపుతూ ఉండాలి. ఇంకో లాభం నేను అనుకోనిది. కర్ర కొస కొంచెం పైకి వదిలితే పసులపోలిగాడు పిట్టలు వచ్చి దాని మీద వాలుతున్నాయి, అక్కణ్నుంచే గొంగళ్లని ఏరుకు తింటున్నాయి. దీనికి కంపెనీ వాడికి మార్కులు ఇవ్వను, కర్ర నాది.

సంచిలో పడ్డవన్నీ కత్తెర పురుగులే అనుకోకండి. గడ్డి మీద బతికే వేరే రెక్కల పురుగులు కూడా దారి తప్పి వస్తాయి. మగ కత్తెర పురుగుకి ముందు రెక్క కొసన తెల్లటి మచ్చ ఉంటుంది. చేలో గొంగళిని గుర్తు పట్టాలంటే తల మీద తిరగేసిన ఇంగ్లీషు వై అక్షరం, తోక దగ్గర చదరంగా నాలుగు నల్ల చుక్కలు చూడాలి.

ఇప్పుడు బుట్ట నాకు ఏం చెప్పిందో చెప్తాను. మా ఊళ్లో ఒక అలవాటు లెక్క ఉంది. నెలగంట పెట్టాక చలి ముదురుతుంది, పురుగు మందగిస్తుంది, సంక్రాంతి సంబరాలు అయ్యాక తీరిగ్గా ఒక మందు కొడితే సరి. పక్క పొలం మావయ్య ఇప్పటికీ అదే లెక్క మీద ఉన్నాడు. అది కాండం తొలిచే పురుగు ఒక్కటే ఉన్న రోజుల్లోది, ఆనాటి చలికి కట్టిన లెక్క. 2024 రబీలో నెలగంట పెట్టిన వారంలోనే మా బుట్టల్లో రోజూ రెక్కల పురుగులు పడటం మొదలైంది. పైరు ఇంకా జానెడే. నేను నమ్మక సంచులన్నీ మళ్లీ విప్పి రెక్కలు చూశాను. తెల్ల మచ్చలు. అప్పటికి రాత్రి దుప్పటి ఒకటి చాలేది, ధనుర్మాసంలో.

ఆ ఏడు అక్టోబరు, 1901 నుంచి లెక్కలున్న అక్టోబర్లన్నిటిలోకీ వేడిదని వాతావరణ శాఖ ప్రకటించింది. 2024 సంవత్సరం మొత్తం కూడా దేశంలో అంతే. మళ్లీ 2025 ఫిబ్రవరి కూడా సగటు ఉష్ణోగ్రతలో రికార్డే. ఇవన్నీ దేశం మొత్తం మీద తీసిన సగటులు, మా లావేరు లెక్క కాదని నాకూ తెలుసు. కానీ మా పైరు మొలిచింది మొదలు కంకి పాలు పట్టేదాకా ఆ వేడి రోజుల మధ్యే పెరిగింది.

మా ఆడపడుచు కూతురు నైరా వ్యవసాయ కళాశాలలో చదువుతోంది. సంక్రాంతికి వచ్చినప్పుడు అడిగాను, చలికాలంలో ఇన్ని ఎలా వచ్చాయే అని. అది అరిసెలు తింటూ క్యాలెండర్ వెనక లెక్క వేసి చూపించింది. "పురుగుకి మనలా ఒంట్లో వేడి ఉండదు అత్తా. గాలి ఎంత వేడిగా ఉంటే దాని ఎదుగుదల అంత వేగం." కత్తెర పురుగు సుమారు పన్నెండున్నర డిగ్రీల కింద ఎదగదట. ఆ పైన రోజూ ఎన్ని డిగ్రీలు ఎక్కువ ఉంటే అన్ని కూడుకుంటూ పోవాలి. కూడిక 390 దగ్గరికి వచ్చేసరికి గుడ్డు కాస్తా రెక్కల పురుగు అయిపోతుంది. దక్షిణాఫ్రికా పరిశోధకులు ప్రయోగశాలలో తేల్చిన లెక్క ఇది. 18 డిగ్రీల దగ్గర పెంచితే గుడ్డు నుంచి రెక్కలదాకా 70 రోజులు దాటింది. 32 దగ్గర 20 రోజులకే అయిపోయింది.

మన చలికాలంలో పగలు, రాత్రి కలిపి సగటు 23 డిగ్రీలు అనుకుందాం. భాగించి చూస్తే ఒక తరానికి 37 రోజులు పైన వస్తుంది. అదే 24 అయితే 34. ఒక్క డిగ్రీకి మూడు రోజులు పోయాయి. మూడు రోజులే కదా అనిపిస్తుంది. కానీ ఒక్కో ఆడది వెయ్యి, పదిహేను వందల గుడ్లు పెట్టే జాతి ఇది. మొదటి తరం మూడు రోజులు ముందు, రెండోది ఆరు రోజులు ముందు, అలా జరుగుతూ వస్తే పైరు లేతగా ఉండగానే గుంపు దిగుతుంది. మనం మాత్రం పండగ చూసుకుని మందు కొడతాం.

అలాగని ఎండ ఎంత పెరిగితే పురుగుకి అంత పండగ అని కూడా కాదు. మరీ ముదిరిన ఎండలో గుడ్లు, చిన్న గొంగళ్లు తట్టుకోలేవు. 2018లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన, భూమి సగటున ఒక్కో డిగ్రీ వేడెక్కితే వరి, మొక్కజొన్న, గోధుమల్లో పురుగుల వల్ల జరిగే నష్టం 10 నుంచి 25 శాతం దాకా పెరుగుతుందని అంచనా వేసింది. అందులో పెద్ద దెబ్బ చల్లటి దేశాలకే. మనలాంటి వేడి చోట్ల పురుగు ఇప్పటికే తనకి నచ్చిన వేడికి దగ్గర్లో ఉంది కాబట్టి, వరిలాంటి పంటలో అది పెరిగే వేగం కొంత తగ్గొచ్చు కూడానట. మా మేనకోడలు ఇది చెప్పినప్పుడు అత్తమ్మ తేలిగ్గా ఊపిరి తీసుకుంది. నాకు మాత్రం తేలిక అనిపించలేదు. మే నెల ఎండకి పురుగు చచ్చినా నా పంట ఉండేది డిసెంబరు, జనవరి, ఫిబ్రవరిలో. మారిపోయింది ఆ నెలలే.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. ప్రతిదానికీ వాతావరణం మారిపోయిందనేస్తే సరిపోదు. కత్తెర పురుగు పుట్టిల్లు అమెరికా ఖండాలు. 2016లో ఆఫ్రికాలో దిగింది. 2018 మేలో కర్ణాటకలో శివమొగ్గ దగ్గర కనబడింది, అదే ఏడు ఆంధ్రాకీ వచ్చేసింది. ఒక్క రాత్రిలో గాలి వాటున వంద కిలోమీటర్లు ఎగరగల పురుగు. దాన్ని తెచ్చింది ఓడలూ, సరుకులూ, దాని రెక్కలూ. వచ్చినది ఇక్కడ ఎన్నాళ్లు ఉంటుంది, ఏడాదికి ఎన్ని తరాలు కంటుంది అన్నది మాత్రం మన వేడీ వానా తేలుస్తాయి. గట్టి వాన పడితే మొక్క నడిమి ఆకుల సుడిలో ఉన్న పిల్ల గొంగళ్లు నీళ్లు నిండి కొట్టుకుపోతాయి. వాన ఎగ్గొట్టి మబ్బు, ఉక్క మిగిలితే హాయిగా పెరుగుతాయి. ఇప్పుడు వాన పడితే ఊరు మునిగేలా, లేకపోతే వారాల తరబడి చుక్క లేకుండా. మొక్కజొన్న దొరక్కపోతే జొన్న, చోళ్లు (రాగులు), చెరకు కూడా తింటుంది. చోళ్ల చేలు పక్కనున్నవాళ్లు అది చూసుకోవాలి.

ఆ 2018 అక్టోబరు మా జిల్లాలో ఎవరూ మర్చిపోరు. 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. అవే రోజుల్లో అటు అరేబియా సముద్రంలో లుబాన్ అని ఇంకో తుపాను తిరుగుతోందని నాకు ఈ మధ్యే తెలిసింది. అది యెమెన్ మీద పడింది. అంతకుముందు మేలో మెకును. ఆ రెండు తుపాన్ల వానకి అరేబియా ఎడారి తడిసి, గడ్డి మొలిచి, ఎడారి మిడతలు తరం మీద తరం పెరిగాయి. 2020లో రాజస్థాన్ దాకా వచ్చిన దండు వెనక ఉన్న కథ అది. ఆ వేసవిలో మా ఊరి జిల్లేడు చెట్ల మీద రంగు మిడతలు చూసి అందరం టెన్షన్ పడ్డాం. అవి ఎప్పుడూ జిల్లేడు మీదే బతికే మిడతలట, దండుతో సంబంధమే లేదు. ఒక తుపాను మన కొబ్బరి కూల్చడం, దాని జత తుపాను ఎక్కడో ఇసుకలో మిడతల్ని లేపడం, ఈ రెండూ ఒకే వారం జరిగాయంటే నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

కొబ్బరి అంటే గుర్తొచ్చింది. మా పుట్టిల్లు కవిటి వైపు. తిత్లీ కూల్చగా మిగిలిన చెట్ల మీద తెల్లదోమ చేరి, ఆకులన్నీ మసి పూసినట్టు అయ్యాయి. వలయాకారంలో తెల్లగా గుడ్లు పెట్టే దోమ ఇది. దేశంలో మొదట 2016లో తమిళనాడు పొల్లాచ్చి దగ్గర బయటపడింది. వానలు గట్టిగా పడితే తగ్గుతుంది, పొడి వాతావరణం సాగితే విరుచుకుపడుతుంది. మా తమ్ముడు ఫోన్ చేసి "అప్పా, నీ బుట్టలు నాలుగు పంపు, ఇక్కడ కడతాను" అన్నాడు. పంపలేదు. ఈ బుట్ట తెల్లదోమకి పనికిరాదు. దానికి పసుపు రంగు అట్టలకి ఆముదం రాసి చెట్ల మధ్య కట్టాలి. గట్టి మందులు కొడితే ఆ దోమ పిల్లల్లో గుడ్లు పెట్టే ఎన్కార్సియా అనే మిత్ర కందిరీగ ముందు చచ్చిపోతుంది. ఆన్‌లైన్‌లో "అన్ని పంటలకీ, అన్ని పురుగులకీ ఒకే ట్రాప్" అని ఎవరైనా అమ్మితే నవ్వి ఊరుకోండి.

ఇక లోపాలు. ముఖ్యమైనది లూర్ ఆయుష్షు. కవరు మీద నెల పైనే పనిచేస్తుందని ఉంటుంది. డిసెంబరులో దాదాపు ఆ మాట నిలబెట్టుకుంది. ఫిబ్రవరి రెండో వారం దాటాక మాత్రం మూడు వారాలకే చప్పబడిపోయింది. బుట్టలో పురుగు లేదు, చేలో మాత్రం ఆకు మీద కొత్త గుడ్ల ముద్దలు. వేడికి వాసన తొందరగా ఎగిరిపోతుంది, అంతే. పురుగుని తొందర పెట్టే వేడే దాన్ని కనిపెట్టే వస్తువుని కూడా త్వరగా ఖాళీ చేస్తోంది. చలికీ ఎండకీ కవరు మీద ఒకే లెక్క అచ్చేసి అమ్మడం నాకు నచ్చలేదు. ఇప్పుడు నేను ఎండ ముదిరాక మూడు వారాలకి ఒకసారి మార్చేస్తున్నాను. ఆ లెక్కన సీజన్‌కి లూర్ల ఖర్చు బుట్టల ఖర్చుని దాటిపోతుంది. కొనేముందు ఇది లెక్కలో వేసుకోండి. కొత్త లూర్ పెట్టేటప్పుడు పాతది చేలో పారేయకూడదు, మిగిలిన వాసనకి మగవి అటు పోతాయి.

చీమలు ఇంకో తలనొప్పి. రాత్రి పడ్డ పురుగుల్ని తెల్లారేసరికి రెక్కలు మిగిల్చి తినేస్తాయి. అప్పుడు రెక్కలే లెక్కపెట్టుకోవాలి. కర్రకి కింద జానెడు మేర గ్రీజు రాస్తే ఎక్కవు. మా ఆయన బండి గ్రీజు పని చేసింది. వాన పడితే సంచి అడుగున నీళ్లు నిలిచి పురుగులు కుళ్లి కంపు. వాన వెలిసిన పూటే విప్పేయాలి. సంచులు సీజన్ చివరికి చిరుగుతాయి, వేరేగా దొరకవు, మళ్లీ బుట్ట మొత్తం కొనమంటారు. నేను అదే వెడల్పు పాలిథిన్ గొట్టం మీటర్ల లెక్కన కొని కట్టుకున్నాను.

బుట్ట చెప్పాక ఏం చేయాలి? రోజుకి బుట్టకి ఒక్క రెక్కల పురుగు పడినా, లేదా వంద మొక్కల్లో ఐదింటికి దెబ్బ కనబడినా మొదటి పిచికారీకి సమయమైందని మొక్కజొన్న పరిశోధన సంస్థ చెబుతుంది. ఆ దశలో వేపనూనె మందు చాలు, 1500 పీపీఎం అజాడిరక్టిన్ లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్లు. నేను ఆ పూట చేలోకి దిగి ఆకుల అడుగున గుడ్ల ముద్దలు వెతుకుతాను. దొరికితే అక్కడే నలిపేస్తాను. అత్తమ్మ సుడిలో పొడి ఇసుక వేస్తుంది. గొంగళి కొంచెం పెద్దదై సుడిలోకి దిగాక తన రెట్టతోనే పైన మూత వేసుకుంటుంది. అప్పుడు ఎంత ఖరీదు మందు కొట్టినా దాని ఒంటికి తగలదు. పక్క పొలం మావయ్య సంక్రాంతి తరువాత కొట్టింది అలాంటి దశలోనే. రెండోసారి కూడా కొట్టాల్సి వచ్చింది. మందు, కూలీ కలిపి ఎకరాకి వెయ్యి దాటుతున్న రోజుల్లో ఒక పిచికారీ తప్పినా బుట్టల డబ్బులు వచ్చేసినట్టే. దిగుబడి ఎంత పెరిగిందని మాత్రం నన్ను అడగకండి. విత్తనం వేరు, నీళ్లు వేరు, రెండు చేలని పక్కపక్కన పెట్టి పోల్చలేను.

బుట్టలకి బదులు సోలార్ దీపపు ఎర కొందామని మా ఆయనకి ఒకటే మోజు. బోరు దగ్గర ఒకటి పెడితే చూడ్డానికీ బాగుంటుందంటాడు. ధర వేలల్లో ఉంది. వెలుతురుకి మంచి పురుగు, చెడ్డ పురుగు అన్నీ వస్తాయి, అందులో కత్తెర పురుగు ఏదో ఏరుకోవాలి. పైగా రాత్రి చేలో వదిలేస్తే తెల్లారేసరికి ఉంటుందన్న నమ్మకం లేదు. వరిలో సుడిదోమ, కాండం తొలిచే పురుగు చూసుకునేవాళ్లకి ఉపయోగం ఉండొచ్చు. కేంద్ర ప్రభుత్వం 2024 ఆగస్టులో తెచ్చిన జాతీయ పురుగుల నిఘా యాప్ కూడా వేసుకున్నాను. ఫోటో తీసి పెడితే పురుగు పేరు చెబుతుంది. బాగానే ఉంది, కానీ ఫోటో తీయడానికి పురుగు కనబడాలి కదా. కనబడేసరికి ఆకు చిల్లులు పడిపోయి ఉంటుంది. సిగ్నల్ కూడా మా మెట్ట మీద చింతచెట్టు కిందే వస్తుంది.

ఎకరం లోపు ఉన్నవాళ్లు విడిగా కొనడం కంటే పక్కవాళ్లతో కలిసి కొంటే మేలు. పురుగు గట్లు చూసుకుని ఆగదు కాబట్టి నా బుట్టలో పడిందంటే పక్క చేలోనూ దిగినట్టే. పక్క పొలం మావయ్య ఈ మధ్య పొద్దున్నే గట్టు మీదకి వచ్చి "ఏటమ్మా, ఏటైనా పడ్డాయా" అని అడిగి వెళ్తున్నాడు. ఈసారి లూర్ల డబ్బులు సగం నువ్వెట్టుకో మావయ్యా అన్నాను. ఆలోచించి చెప్తానన్నాడు.